డాక్‌బుక్ స్టైల్‌షీట్లు మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

డాక్‌బుక్ అంటే పుస్తకాలు, మాన్యువళ్లు రాసుకునే ఎక్స్ఎంఎల్ రూపం. దాన్ని హెచ్‌టీఎంఎల్‌గానో, పీడీఎఫ్‌కు ముందుమెట్టైన ఎఫ్ఓగానో మార్చేవి డాక్‌బుక్ ఎక్స్ఎస్ఎల్ స్టైల్‌షీట్లు. ఇది వాటి 1.79 వరుసను ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్‌తో (స్టైల్‌షీట్‌ను నడిపే కమాండ్), అపాచీ ఫాప్‌తో (ఎఫ్ఓను పీడీఎఫ్ చేసే సాధనం) నడిపేవారి కోసం. పీడీఎఫ్‌లో తేడా కనిపిస్తే ముందు స్టైల్‌షీట్ తెరవకండి. మధ్యలో పుట్టే ఎఫ్ఓ ఫైలును విడిగా సేవ్ చేసి చూడండి. తప్పు అందులోనే ఉంటే స్టైల్‌షీట్‌ది. ఎఫ్ఓ సరిగ్గా ఉండి పీడీఎఫ్ చెడితే అది ఫాప్‌దో ఫాంట్‌దో. ఈ ఒక్క పని చేయకుండా మొదలుపెడితే తప్పు లేని చోట మార్పులు పేరుకుపోతాయి.

పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాల బదులు # గుర్తులు

కారణం: డాక్‌బుక్ డిఫాల్ట్‌గా అడిగే సెరిఫ్ ఫాంట్‌కు ఫాప్ టైమ్స్ వాడుతుంది, అందులో తెలుగు లేదు. ఫాప్ లాగ్‌లో గ్లిఫ్ (అక్షర ఆకారం) దొరకలేదన్న హెచ్చరిక తప్పకుండా ఉంటుంది.

పరిష్కారం రెండు చోట్ల చేయాలి. ఫాప్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఫాంట్ దారి, పేరు రాసి, ఆ ఫైలును -సి ఆప్షన్‌తో ఇవ్వండి. తర్వాత మీ కస్టమైజేషన్ ఫైలులో (అసలు స్టైల్‌షీట్‌ను ఇంపోర్ట్ చేసుకుని మీ మార్పులు రాసుకునేది) ‘బాడీ.ఫాంట్.ఫ్యామిలీ’కి అదే పేరు పెట్టండి. నోటో సెరిఫ్ తెలుగు అని ఒకచోట, ఖాళీ లేకుండా ఇంకోచోట రాస్తే ఫాప్‌కు అవి వేర్వేరు ఫాంట్లు. పేరాలు బాగుపడి శీర్షికలు మాత్రం # గానే ఉంటే ‘టైటిల్.ఫాంట్.ఫ్యామిలీ’ని మరిచారన్నమాట. కోడ్ పెట్టెల్లో ఉంటే ‘మోనోస్పేస్.ఫాంట్.ఫ్యామిలీ’. శీర్షికలు బోల్డ్ కాబట్టి 700 వెయిట్‌కూ ఒక ఫాంట్ నమోదు చేయండి. లేకపోతే ఫాప్ 400తో సరిపెడుతుంది, శీర్షిక పలచగా వస్తుంది.

అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు విడిపోయాయంటే సంగతి వేరు. సంక్లిష్ట లిపుల సదుపాయం ఫాప్‌లోకి 1.1తో వచ్చింది. అంతకన్నా పాతది వాడుతున్నారా, ఆ సదుపాయాన్ని ఆపేసే -ఎన్‌ఓసీఎస్ ఆప్షన్ ఎవరైనా పెట్టారా చూడండి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘క్షేత్రం’ ఉన్న అర పేజీ ఫైలుతో పరీక్షించండి. అందులోనూ చెడితే స్టైల్‌షీట్‌ను ఎంత గీకినా లాభం లేదు. ఫాంటో, ఫార్మాటరో (ఫాప్ లాంటి పీడీఎఫ్ తయారీ సాధనం) మార్చాల్సిందే.

కస్టమ్ టెంప్లేట్ రాశాక అధ్యాయాలు విడి ఫైళ్లుగా రావడం లేదు

చంక్ స్టైల్‌షీట్‌ను (పుస్తకాన్ని విడి హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా విడగొట్టేది) ఇంపోర్ట్ చేసుకుని అదే ఫైలులో చాప్టర్‌కు మ్యాచ్ టెంప్లేట్ (ఆ ఎలిమెంట్ ఎదురైతే ఏం చేయాలో చెప్పే నియమం) రాసినప్పుడు వచ్చే చిక్కు ఇది. చంకింగ్ కూడా చాప్టర్‌ను మ్యాచ్ టెంప్లేట్‌తోనే పట్టుకుంటుంది. ఇంపోర్ట్ చేసినవాటికన్నా మీ ఫైలుకే ప్రాధాన్యం ఎక్కువ కనుక మీది గెలుస్తుంది, ఫైలుగా విడగొట్టే పని ఎవరూ చేయరు. ఎర్రర్ రాదు, అందుకే దొరకడానికి ఆలస్యమవుతుంది.

కస్టమైజేషన్‌ను రెండు ఫైళ్లు చేయండి. మొదటిది మామూలు ‘డాక్‌బుక్.ఎక్స్ఎస్ఎల్’ను ఇంపోర్ట్ చేస్తుంది. చాప్టర్, సెక్షన్, టేబుల్ ఎలా కనిపించాలో చెప్పే టెంప్లేట్లన్నీ అందులోనే. రెండోది ముందు మొదటి ఫైలును, తర్వాత ‘చంక్-కామన్.ఎక్స్ఎస్ఎల్’ను ఇంపోర్ట్ చేసి, చివర ‘చంక్-కోడ్.ఎక్స్ఎస్ఎల్’ను ఇన్‌క్లూడ్ చేస్తుంది. ఆ చివరిది ఇంపోర్ట్ కాదు, ఇన్‌క్లూడే. దానివల్ల చంకింగ్ టెంప్లేట్లకు మీ రెండో ఫైలుతో సమానమైన ప్రాధాన్యం వస్తుంది, మొదటి ఫైలులోని మీ రూపం కూడా నిలుస్తుంది. ఫైలు పేర్లు, నావిగేషన్ మార్పులు మాత్రమే రెండోదానిలో ఉండాలి.

ఇక్కడే ‘యూజ్.ఐడీ.యాజ్.ఫైల్‌నేమ్’ను 1 చేయండి. లేకపోతే మధ్యలో ఒక అధ్యాయం చేర్చిన రోజున తర్వాతి ఫైళ్ల పేర్లన్నీ జరిగి బయటి లింకులు తెగుతాయి.

బ్రౌజర్‌లో తెలుగు బాగానే ఉంది, ఫైలు తెరిస్తే త లాంటివి

‘త’ బదులు ఇలా వస్తే హెచ్‌టీఎంఎల్ చంకింగ్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-8859-1 కావడమే కారణం. అవుట్‌పుట్ ఎలిమెంట్‌లో యూటీఎఫ్-8 అని ఎన్నిసార్లు రాసినా చంక్ ఫైళ్లకు అది వర్తించదు. ‘చంకర్.అవుట్‌పుట్.ఎన్‌కోడింగ్’ పారామీటర్‌కు యూటీఎఫ్-8 ఇవ్వండి. ఒక్కో అక్షరానికి 7 బైట్ల బదులు 3 సరిపోతాయి, ఫైళ్లలో వెతకడమూ కుదురుతుంది.

పారామీటర్ ఇచ్చినా విలువ ఖాళీ

కమాండ్‌లో --పారామ్ వాడారు. అది విలువను ఎక్స్‌పాత్‌గా (డాక్యుమెంట్‌లో ఎలిమెంట్లను వెతికే దారిగా) చదువుతుంది. కొటేషన్ లేని పదం కనబడితే ఆ పేరుగల ఎలిమెంట్ కోసం వెతుకుతుంది, దొరక్క ఖాళీ ఇస్తుంది. మాటలకు --స్ట్రింగ్‌పారామ్ వాడండి. అంకెలకు రెండూ పనిచేస్తాయి.

డాక్‌బుక్ 5కు మారాక మన టెంప్లేట్లు ఒక్కటీ పనిచేయడం లేదు

డాక్‌బుక్ 5 ఎలిమెంట్లు నేమ్‌స్పేస్‌లో (పేర్లు ఏ పదజాలానివో చెప్పే గుర్తింపు) ఉంటాయి. పాత స్టైల్‌షీట్లు డాక్యుమెంట్ చదివేముందు ఆ నేమ్‌స్పేస్‌ను తీసేస్తాయి, కాబట్టి ప్రిఫిక్స్ లేని ‘పారా’ అక్కడ నడుస్తుంది. నేమ్‌స్పేస్‌తోనే పనిచేసే ఎన్‌ఎస్ వెర్షన్ స్టైల్‌షీట్లు తీసేయవు. అందులోకి మారిన క్షణం మీ ‘పారా’ దేనికీ సరిపోదు, కాబట్టి డిఫాల్ట్ టెంప్లేటే నడుస్తుంది. డి ప్రిఫిక్స్ ప్రకటించి మ్యాచ్‌లోనే కాదు, సెలెక్ట్‌లో, టెస్ట్‌లో, యాన్సెస్టర్ దారుల్లో, కీలలో ప్రతి పేరుకూ పెట్టండి. ఎక్కువమంది మ్యాచ్‌లు మార్చి అక్కడితో ఆపేస్తారు. హెచ్‌టీఎంఎల్‌లో ఆ నేమ్‌స్పేస్ ప్రకటన కనిపించకూడదంటే ‘ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్’లో డిని చేర్చండి.

అధ్యాయం బదులు ఎర్రరంగులో ట్యాగ్

ఏ టెంప్లేటూ పట్టని ఎలిమెంట్‌ను డాక్‌బుక్ హెచ్‌టీఎంఎల్‌లో ఎర్రగా చూపిస్తుంది. అది ఎక్స్ఐ:ఇన్‌క్లూడ్ (వేరే ఫైలును లోపలికి తెచ్చే ట్యాగ్) అయితే కమాండ్‌లో --ఎక్స్ఇన్‌క్లూడ్ మరిచారు. వేరే పేరైతే స్పెల్లింగో, మీరు స్కీమాకు చేర్చి టెంప్లేట్ రాయని ఎలిమెంటో.

కోడ్ లైన్లు పేజీ దాటిపోతున్నాయి

ఫాప్ ఎన్ని మిల్లీపాయింట్లు దాటిందో చెబుతుంది. 1,000 మిల్లీపాయింట్లు ఒక పాయింట్. ‘మోనోస్పేస్.వెర్బాటిమ్.ప్రాపర్టీస్’లో ‘ర్యాప్-ఆప్షన్’కు ‘ర్యాప్’ అనే విలువ ఇవ్వండి, పొడవైన లైను విరిగి కింది లైనుకు వస్తుంది. రెండు మూడు పాయింట్లే అయితే ఫాంట్ సైజు కాస్త తగ్గించడం మేలు.

స్టైల్‌షీట్ల కొత్త వెర్షన్ వేశాక రూపం మారిపోయింది

అసలు ఫైళ్లలోనే దిద్దినవారికి మార్పులు పోతాయి, దానికి మందు లేదు. కస్టమైజేషన్‌లోకి పెద్ద టెంప్లేట్లను కాపీ చేసుకున్నవారి ఇబ్బంది ఇంకో రకం: అసలుది బాగుపడినా వారి కాపీ పాతదిగానే ఉండిపోతుంది. కాపీ చేసిన ప్రతిదానిపైన ఏ వెర్షన్‌లోని ఏ ఫైలు నుంచి తెచ్చారో కామెంట్ రాయండి. పారామీటర్‌తోనో యాట్రిబ్యూట్-సెట్‌తోనో అయ్యే పనికి టెంప్లేట్ కాపీ చేయవద్దు.

మార్చేముందు ఒక నమూనా పుస్తకం ఎఫ్ఓను, హెచ్‌టీఎంఎల్‌ను దాచి, మార్చాక డిఫ్ (రెండింటి తేడాల జాబితా) తీయండి. ఆటోమేటిక్ ఐడీలు ప్రతి రన్‌లో మారుతూ డిఫ్‌ను నింపేస్తుంటే ‘జనరేట్.కన్సిస్టెంట్.ఐడీస్’ను 1 చేసి రెండు రన్‌లూ మళ్లీ తీయండి.