బ్యాడ్జి కావాలంటే ముందు గుండ్ల గుంపు కుదరాలి

ఎయిర్ రైఫిల్‌లో, అంటే గాలి తుపాకి ఆటలో, మెడల్ వేరు, బ్యాడ్జి వేరు. మెడల్ రావాలంటే పక్క లేన్‌లో ఉన్నవాళ్లను దాటాలి. బ్యాడ్జికైతే ముందే రాసిపెట్టిన స్కోరు అందుకుంటే చాలు. అమెరికాలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పథకం ఇలాంటిదే: ప్రో-మార్క్స్‌మన్, మార్క్స్‌మన్, మార్క్స్‌మన్ ఫస్ట్ క్లాస్, షార్ప్‌షూటర్, ఎక్స్‌పర్ట్, చివర డిస్టింగ్విష్డ్ ఎక్స్‌పర్ట్. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఒక బడి, ఒక చిన్న క్లబ్బు ఇలాంటి మెట్లు పెట్టుకోవచ్చు.

ఒక లెక్క చెప్తాం, మీకు తగ్గట్టు మార్చుకోండి. కార్డు అంటే 10 గుండ్ల స్కోరు, గుండుకు 10 చొప్పున నిండితే 100. 10 గుండ్ల కార్డులో 70 దాటిన కార్డులు 5 ఉంటే మొదటి మెట్టు, 80 దాటినవి 8 ఉంటే రెండోది, 90 దాటినవి 10 ఉంటే మూడోది. వరసగా రావాల్సిన పని లేదు, గడువూ లేదు. ఒకనాడు గాలివాటంగా 92 వచ్చిందని మూడోది ఇచ్చేస్తే ఆ బ్యాడ్జికి విలువ పోతుంది. మూడో మెట్టు కార్డుల మీద సాక్షి సంతకం తప్పనిసరి.

తుపాకి 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్నదైతే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పెల్లెట్లు, అంటే ఇందులో వేసే చిన్న గుండ్లు, మాత్రం బల్లపరుపు తల ఉన్నవే కొనండి. గుండ్రటి తలవి కాగితాన్ని చింపుతాయి, రంధ్రం అంచు తెలియదు, స్కోరు దగ్గర తగువు మొదలవుతుంది. వానకాలం చెమ్మ పట్టిన కాగితం ఇంకా అధ్వానం, వెనక అట్ట పెట్టండి.

నిలబడి కొట్టే గీత నుంచి టార్గెట్‌కు సరిగ్గా 10 మీటర్లు, టార్గెట్ నడిమి ఎత్తు 1.4 మీటర్లు. వెనక పాత బట్టలు గట్టిగా కుక్కిన చెక్కపెట్టె, దాని వెనక మందపాటి ఇనుప పలక. ఉత్త గోడకు కొడితే పెల్లెట్ తిరిగొస్తుంది, అందుకే అందరికీ కళ్లద్దాలు. ఎవరైనా టార్గెట్ దగ్గరికి పోతే తుపాకులన్నీ ఖాళీ చేసి కింద పెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు పని. స్కోరు మరిచిపోండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ ఆనించి, ఒకే చోట గురిపెట్టి 5 గుండ్లు కొట్టండి. మధ్యలో సైటు (గురిచూసే భాగం) ముట్టుకోవద్దు. ఆ 5 రంధ్రాలనే గుంపు అంటాం. అవన్నీ రూపాయి బిళ్ల కింద దాగితే మీరు సిద్ధం. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 చుక్క అర మిల్లీమీటరే, కానీ పెల్లెట్ అంచు తాకినా 10 పడుతుంది, అంటే నడిమి నుంచి 2.5 మిల్లీమీటర్ల దాకా వెసులుబాటు. ఆ బిళ్లంత గుంపు నట్టనడుమ పడితే 8 కంటే తక్కువ రావడం అరుదు.

గుంపు చిన్నదే కానీ పక్కకు పడిందంటే తప్పు సైటుది. సైటు నాబ్ ఎటు తిప్పితే గుండు ఎటు పోతుందో అనుమానమైతే 10 క్లిక్కులు తిప్పి 3 గుండ్లు కొట్టి చూడండి. గుంపు నిలువుగా సాగిందంటే ఊపిరి ఒకే చోట ఆపడం లేదన్నమాట. సగం వదిలి ఆపండి, 8 సెకన్లలో పేలకపోతే దించండి. ఒక్కటి మాత్రం ఎటో పోయిందంటే ట్రిగ్గర్ గుంజారనే అర్థం. పేలాక కూడా ఒక సెకను సైటులోనే చూస్తూ ఉండాలి, ఆ తర్వాతే తల ఎత్తాలి.

ఇది కుదిరాకే నిలబడి కొట్టండి. 10 గుండ్లకు 10 టార్గెట్లు వాడండి, ఒకదాని మీదే కొడితే రంధ్రాలు కలిసిపోతాయి. రంధ్రం టార్గెట్ మీది గీతను తాకితే పై అంకె ఇవ్వాలి. గేజ్‌తో (రంధ్రం కొలిచే పనిముట్టుతో) చూడాలి గానీ పెన్సిల్ దూర్చి కాదు, దూర్చితే రంధ్రం పెద్దదవుతుంది.

గాలి సిలిండర్ ఉన్న రైఫిల్‌ను మే నెల ఎండలో కారులో వదలొద్దు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. సిలిండర్ మీద తేదీ ఉంటుంది, గడువు మామూలుగా 10 ఏళ్లు. పెల్లెట్లు సీసంవి, టిఫిన్ ముట్టే ముందు సబ్బుతో చేతులు కడగండి.

మూడో మెట్టు దాటినవాళ్లు రాష్ట్ర పోటీల వైపు చూడొచ్చు. జాతీయ పోటీల్లో నిర్ణీత స్కోరు అందుకున్నవాళ్లకు ‘రినౌన్డ్ షాట్’ గుర్తింపు ఉంది. అక్కడ మ్యాచ్ అంటే 60 గుండ్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 75 నిమిషాలు. అందుకని ఇప్పటినుంచే కార్డుకు 12 నిమిషాలు గడియారం పెట్టుకుని కొట్టండి.