పాత ఆటలు, కొత్త కన్సోళ్లు – నాలుగో పాఠం: ఆట దిగింది, ఇక సర్దుబాటు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. ఇంట్లో నెట్ వేగం సెకనుకు 40 మెగాబిట్లు, ఆట 12 గిగాబైట్లు. దిగడానికి ఎంతసేపు పడుతుంది? బిట్లను బైట్లు చేయడానికి ఎనిమిదితో భాగించాలి కాబట్టి మనకు అందేది సెకనుకు 5 మెగాబైట్లు. 12,000ను 5తో భాగిస్తే 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు. అయిదు నిమిషాలని జవాబు వచ్చిందంటే ఎనిమిదితో భాగించడం మరిచారన్నమాట. నెట్ కంపెనీలు బిట్లలో చెబుతాయి, ఆటల దుకాణాలు బైట్లలో చెబుతాయి. మధ్యలో తికమకపడేది మనం.

దీనికి అనుబంధంగా ఒక సందేహం రావాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లే. మరి పాత ఆటల సంకలనం ఏది కొన్నా వందల మెగాబైట్లు ఎందుకుంటోంది? ఆట అంతే చిన్నది. బరువంతా దాని చుట్టూ ఉన్న ఎమ్యులేటర్‌ది (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్), మెనూ బొమ్మలది, పాటలది, స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాల పేజీలది.

ఇక నేటి పాఠం. ఆట దిగగానే ఆడటం మొదలుపెట్టకండి. పాత ఆట కొన్న వాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆటవి కావు. బొమ్మ సాగిపోయిందనీ, మసకగా ఉందనీ, బటన్ నొక్కితే ఆలస్యంగా ఎగురుతోందనీ అంటారు. అవన్నీ తెరకూ ఆటకూ మధ్య కుదరని లెక్కలు. పది నిమిషాలు సర్దుబాటుకు కేటాయించాకే ఆట బాగుందో లేదో తీర్పు చెప్పాలి.

తెరతో మొదలుపెడదాం. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో కన్సోల్ ఫామికామ్, మన ఊళ్లలో 1990ల్లో టీవీలకు తగిలించుకున్న దాని నకలు పెట్టెలు గీసే బొమ్మ అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240 చుక్కలు. నింటెండో స్విచ్‌ను చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు దాని తెర 1280 అడ్డం, 720 నిలువు. 720ని 240తో భాగిస్తే సరిగ్గా 3. అంటే పాత చుక్క ఒక్కొక్కటీ కొత్త తెర మీద మూడు వరుసల ఎత్తు ఆక్రమిస్తుంది. ఎక్కడా మిగలదు, ఎక్కడా చాలకుండా పోదు. గేమ్‌బాయ్ కూడా అంతే. దాని బొమ్మ 160 అడ్డం, 144 నిలువు. 144ను 5తో గుణిస్తే మళ్లీ 720. ఈ తెర మీద ఈ రెండు యంత్రాల ఆటలు అద్దంలా కనబడటానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే ఆటను 1080 వరుసల టీవీకి తగిలించండి. 1080ని 240తో భాగిస్తే నాలుగున్నర. అరచుక్క గీయడం కుదరదు కదా! కొన్ని చుక్కలు నాలుగు వరుసలూ, కొన్ని అయిదు వరుసలూ తీసుకుంటాయి. బొమ్మ కదలకుండా ఉన్నప్పుడు ఇది తెలియదు. కాంట్రాలో సైనికుడు నిచ్చెనలా ఉన్న గట్లు ఎక్కుతూ పైకి పోతుంటే గీతలు ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా మారుతూ అలల్లా వణుకుతాయి. దీనికి మందు: సెట్టింగుల్లో పూర్ణాంక గుణకం ఎంచుకుని బొమ్మను నాలుగు రెట్ల దగ్గరే ఆపేయడం. 960 వరుసలు ఆటకు, పైన 60, కింద 60 నల్లగా. స్విచ్ 2 తెర కూడా 1080 వరుసలదే. కాబట్టి కొత్త యంత్రం, ఎక్కువ చుక్కలు అని మురిసిపోతే పాత ఆటల విషయంలో లెక్క తప్పుతుంది. 4కె టీవీ ఉన్నవారికి మళ్లీ అదృష్టం కలిసొస్తుంది, 2160ని 240తో భాగిస్తే చక్కగా 9.

అడ్డం సంగతి ఇంకాస్త చిక్కు. పాత టీవీ తెర నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉండేది. 256 చుక్కలను ఆ వెడల్పుకు సాగదీసేది కాబట్టి ఒక్కో చుక్క నిలువు కంటే అడ్డం కొంచెం ఎక్కువ. ఆట తయారుచేసినవారు అలా సాగిన బొమ్మనే చూసి గీశారు. అందువల్ల మెనూలో సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. నింటెండో చందా సేవ అయిన స్విచ్ ఆన్‌లైన్‌లో పాత నింటెండో ఆటలకు ‘4:3’ అని ఒకటి, ‘పిక్సెల్ పర్ఫెక్ట్’ అని ఒకటి ఉంటాయి. మొదటిదానిలో గుండ్రని వస్తువు గుండ్రంగానే ఉంటుంది గానీ చుక్కల వెడల్పులు సమానంగా రావు (720 ఎత్తుకు 4:3 వెడల్పు 960, దాన్ని 256తో భాగిస్తే 3.75). రెండోదానిలో చుక్కలన్నీ సమానం, కానీ మనుషులు కొంచెం బక్కచిక్కి కనబడతారు. చేతి తెర మీద రెండోది, పెద్ద టీవీ మీద మొదటిది నాకు నచ్చుతాయి. మీ కంటికి ఏది నచ్చితే అది పెట్టుకోండి. ఆ రెండూ కాక, పదహారుకు తొమ్మిది తెర నిండా సాగదీసే మూడో రకం కొన్ని సంకలనాల్లో ఉంటుంది. దాని జోలికి వెళ్లవద్దు. తెర ఖాళీగా ఉంటే డబ్బు దండగైనట్టు భావించేవారి కోసం పెట్టినది అది.

గాజు గొట్టం టీవీని అనుకరించే ఫిల్టర్ గురించి కూడా చెప్పాలి. దాన్ని ఆడంబరమని కొట్టిపారేసేవారున్నారు. 1991లో సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్ మీద వచ్చిన సోనిక్ ఆట మొదటి దశలో జలపాతం చూడండి. స్పష్టమైన కొత్త తెర మీద అది నిలువు చారలుగా, దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. పాత టీవీ తీగలో రంగులు ఒకదానిలోకి ఒకటి జారిపోయేవి కాబట్టి ఆ చారలు కలిసిపోయి నీటి వెనక కొండ కనిపిస్తున్న భ్రమ కలిగేది. ఆ యంత్రానికి పారదర్శకత తెలియదు. చిత్రకారులు టీవీ మసకనే కుంచెగా వాడుకున్నారు. అలాంటి చోట ఫిల్టర్ వేస్తేనే బొమ్మ పూర్తవుతుంది. చుక్క చుక్కా చెక్కినట్టుండే గేమ్‌బాయ్ ఆటలకు మాత్రం అది అనవసరం.

సరిచేయలేనివి కూడా కొన్ని ఉంటాయి, వాటిని గుర్తుపట్టడం నేర్చుకోండి. సూపర్ మారియో బ్రదర్స్ 3 ఆడుతుంటే కుడి అంచున రంగులు తప్పుగా మెరుస్తాయి. ఆట చెడిపోయి దిగిందేమోనని మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. పాత టీవీలు అంచులను చట్రం వెనక దాచేవి, అందుకే తయారీదారులు పట్టించుకోలేదు. అలాగే శత్రువులు ఒకే వరుసలోకి గుమిగూడినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. ఫామికామ్ ఒక అడ్డవరుసలో ఎనిమిది కదిలే బొమ్మలకు మించి గీయలేదు, మిగతావాటిని వంతులవారీగా చూపిస్తుంది. 2008లో పాత పద్ధతిలోనే కొత్తగా తయారై డౌన్‌లోడ్ రూపంలో వచ్చిన మెగా మ్యాన్ 9లో ఈ మిణుకును కావాలని తెచ్చుకునే సెట్టింగు కూడా ఉంది!

ఇక వేగం. చిత్తూరులో మా చిన్నాన్న 1990ల్లో నకలు పెట్టె మీద కాంట్రా ఆడి పెరిగినవాడు. కొడుకు కొత్త కన్సోల్ మీద కాంట్రా యానివర్సరీ కలెక్షన్ పెడితే కాసేపు ఆడి కంట్రోలర్ కింద పెట్టేశాడు.

“ఒరేయ్, ఇది నేను ఆడిన కాంట్రా కాదు. వీడెందుకు ఇంత తొందరపడుతున్నాడు?”

“ఆట అదే నాన్నా. నీకే వయసు మీద పడింది.”

వయసు సంగతి నేను చెప్పను గానీ తండ్రి మాటలో నిజముంది. మన దేశపు టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేవి. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు. ఆట తన అడుగులను ఈ బొమ్మల లెక్కతోనే వేస్తుంది కాబట్టి 60కి రాసిన ఆటను 50 మీద నడిపితే ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాట కూడా సాగుతుంది. పాల్ రకం పెట్టె మీద ఆడి పెరిగినవారికి అసలు వేగం ఇరవై శాతం ఎక్కువగా తోస్తుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది. తలకిందుల ప్రమాదం కూడా ఉంది, అసలు 60లో ఉండాల్సినది మీకు 50లో అంటగడతారు. 2018లో సోనీ అమ్మిన ప్లేస్టేషన్ క్లాసిక్ పెట్టెలో 20 ఆటలుంటే అందులో 9 పాల్ రకానివే, దానికి విమర్శలు బాగానే వచ్చాయి. పాత ఆటను కొన్నప్పుడు ప్రాంతం ఎంచుకునే వీలుంటే అమెరికా లేదా జపాన్ రకాన్ని ఎంచుకోండి. అన్నట్టు, కాంట్రా అని పేరున్నంత మాత్రాన మీరు ఆడినదే అనుకోవద్దు. 1987లో ఆర్కేడ్ యంత్రానికి వచ్చింది నిలువు తెరది, 1988లో ఇంటికి వచ్చింది వేరు. పై సంకలనంలో రెండూ ఉన్నాయి. మీరు వెతికేది రెండోది. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ నొక్కితే ముప్పై ప్రాణాలు ఇచ్చేది అదే.

బటన్ ఆలస్యం ఎక్కువగా టీవీ చేసే పని. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మను అందంగా చేస్తానంటూ టీవీ మధ్యలో 100 మిల్లీసెకన్లు తినేస్తే మీరు నొక్కాక ఆరు బొమ్మలు గడిచిన తర్వాత మీ వీరుడు ఎగురుతాడు, ఈలోగా గోతిలో ఉంటాడు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వేయండి. బ్లూటూత్ స్పీకరు పెట్టుకుంటే శబ్దం కూడా వెనకబడుతుంది, తీగది వాడండి. అనుమానం తీరకపోతే ఒకే ఎగురుడును స్విచ్ చేతి తెర మీద ఒకసారి, టీవీ మీద ఒకసారి ప్రయత్నించి చూడండి.

సేవ్ గురించి ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చదవండి, గుండె పగిలేది ఇక్కడే. పాత ఆటల్లో రెండు రకాల సేవ్‌లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఆటలోనే ఉన్నది. జెల్డా లాంటి క్యాసెట్లలో చిన్న బ్యాటరీ పెట్టి ఆటను గుర్తుంచుకునేవారు. రెండోది ఎమ్యులేటర్ చేసేది, యంత్రం మొత్తాన్ని ఆ క్షణంలో గడ్డకట్టించి దాచుకునే సేవ్ స్టేట్. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ రెండోదాని కడుపులో మొదటిది కూడా ఉంటుంది. ఆదివారం మీరొక సేవ్ స్టేట్ చేశారు. సోమవారం రెండు గుహలు గెలిచి ఆటలోని పద్ధతిలో సేవ్ చేశారు. మంగళవారం సరదాగా ఆదివారపు స్టేట్ తెరిచారు. అంతే, బ్యాటరీ జ్ఞాపకం కూడా ఆదివారానికి వెళ్లిపోయింది. సోమవారపు గుహలు గల్లంతు. కాబట్టి ఒక ఆటకు ఒకే పద్ధతి పెట్టుకోండి. స్టేట్లే వాడేట్టయితే రెండు సేవ్ గళ్లు (స్లాట్లు) మార్చి మార్చి వాడండి, గోతిలోకి పడుతూ సేవ్ చేసినా వెనక్కి వెళ్లడానికి ఒకటి మిగులుతుంది.

స్విచ్‌లో ఆటలు మెమరీ కార్డులోకి వెళతాయి గానీ సేవ్‌లు వెళ్లవు, అవి యంత్రం లోపలే ఉంటాయి. కార్డు పాడైతే ఆటను మళ్లీ దింపుకోవచ్చు. యంత్రం పాడైతే, క్లౌడ్ చందా లేకపోతే, సేవ్ పోయినట్టే. తిరుపతిలో గంగ జాతర వచ్చిందంటే చుట్టాల పిల్లలందరూ ఒకే కన్సోల్ మీద పడతారు. “అక్కా, ఒక్క ఆట ఆడుకుంటాను” అంటూ ఎవరో ఒకరు మీ సేవ్ మీదే మొదలుపెడతారు. వాళ్లకు వేరే యూజరు ఖాతా తెరిచి ఇవ్వండి, ఒక్కొక్కరి సేవ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. టీవీ కన్సోల్ సేవ్ చేస్తుండగా కరెంటు పోతే ఫైలు పాడయ్యే ప్రమాదముంది. వానాకాలంలో ఇన్వర్టరు తీగకే తగిలించుకోండి.

పాత తరహాలో చేసిన కొత్త ఆటలకు ఈ బాధలు తక్కువ. 2014 నాటి షవెల్ నైట్ వెడల్పు తెర కోసమే గీసినది, 4:3 సర్దుబాటు అక్కరలేదు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ మాత్రం నిజమైన పాత యంత్రం మీద నడిచేలా సరిగ్గా 40 కిలోబైట్లలో ఇరికించి చేశారు, కాబట్టి దానికి పై లెక్కలన్నీ వర్తిస్తాయి.

ప్రయాణానికి ఒక మాట. చిత్తూరు నుంచి కాచిగూడ వెళ్లే వెంకటాద్రి ఎక్కేముందు చందా ఆటలను ఒకసారి నెట్‌కు కలిపి తెరవండి. స్విచ్ ఆన్‌లైన్ పాత ఆటలు వారానికి ఒకసారైనా నెట్‌ను పలకరించకపోతే తలుపు తీయవు. కొన్న ఆటలకు ఆ గడువు లేదు. తొలి స్విచ్ బ్యాటరీ ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వస్తుంది. పాత ఆటలు తక్కువ కరెంటు తాగుతాయి, రాత్రి ప్రయాణానికి అవే నయం.

అభ్యాసం. గేమ్‌బాయ్ అడ్వాన్స్ బొమ్మ 240 అడ్డం, 160 నిలువు. 720 వరుసల తెర మీద పూర్ణాంక గుణకంతో ఎంత వరకు పెంచవచ్చు, పైనా కిందా ఎన్ని వరుసలు నల్లగా మిగులుతాయి? 224 వరుసల మెగా డ్రైవ్ ఆటకు 1080 టీవీ మీద అదే లెక్క కట్టండి. ఆ తర్వాత మీ దగ్గరున్న ఏదైనా పాత ఆటలో, పోయినా బాధలేని ఖాతాతో, పైన చెప్పిన ఆదివారం–సోమవారం ప్రయోగం చేసి చూడండి.

అయిదో పాఠం మూతపడే దుకాణాల గురించి. నింటెండో పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల దుకాణాల్లో కొనుగోళ్లు 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలై 29న ఆగిపోయాయి. మీరు ఇప్పటిదాకా కొన్న ఆటల జాబితా, ఏది ఏ ఖాతాలో ఉందో రాసుకుని రండి.