కొత్త జీవికి శాస్త్రీయ నామం ఎలా పెడతారు?

ఒక చిన్న పురుగు దొరికింది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దాని పోలిక కనబడలేదు. ఇక పేరు పెట్టేయడమేనా? ఆగాలి. పేరు పెట్టడం ఈ పనిలో దాదాపు చివర్లో వస్తుంది. అసలు శ్రమంతా అంతకుముందే.

ముందు, అది నిజంగా కొత్తదేనా అని చూడాలి

ఇందుకు జీవశాస్త్రజ్ఞులు వాడేది గుర్తింపు పట్టిక. అందులో ప్రతిచోటా రెండే దారులుంటాయి. రెక్కలు ఒక జతా, రెండు జతలా? ఒక జతే ఉంటే చాలావరకు అది ఈగలు, దోమలు ఉండే డిప్టెరా క్రమంలోది. ఆ తర్వాత మీసాలు పొట్టివా పొడుగువా, కాలి మీద ముళ్లున్నాయా లేవా... ఇలా దిగుతూ పోతే ఏదో ఒక జాతి దగ్గర ఆగుతాం. ఎక్కడా ఇమడకపోతేనే అనుమానం మొదలవుతుంది. అప్పుడు మ్యూజియంలో దాచిన నమూనాలతో పోల్చి చూడాలి. తొందరపడితే నవ్వులపాలే: ఆడది ఒకలా, మగది ఒకలా, పిల్ల ఇంకోలా ఉండే జీవులు బోలెడు. ఒకే జాతికి రెండు మూడు పేర్లు పడిపోవడానికి అదీ ఒక కారణం.

తర్వాత, చుట్టాలెవరో తేల్చాలి

వర్గీకరణ మెట్లు బళ్లో చదివినవే. పెద్దపులినే తీసుకోండి. రాజ్యం జంతువులు, వర్గం కార్డేటా, తరగతి క్షీరదాలు, క్రమం కార్నివోరా, కుటుంబం ఫెలిడే, ప్రజాతి పాంథెరా, జాతి పాంథెరా టైగ్రిస్. మెట్లు బట్టీ పట్టడం తేలికే. ఏ జీవి ఏ మెట్టు మీద కూర్చోవాలన్నదే తలనొప్పి.

పైకి కనబడే పోలికను నమ్మితే మోసపోతాం. సొరచేప, డాల్ఫిన్ ఒకే ఆకారంలో ఉంటాయి. కానీ ఒకటి చేప, రెండోది పిల్లలకు పాలిచ్చే క్షీరదం. నీళ్లలో వేగంగా ఈదాలంటే ఆ ఆకారం కుదురుతుంది, అంతే. అందుకే ఎముకల అమరిక, పిండం ఎదిగే తీరు, ఇప్పుడైతే డీఎన్ఏ కూడా చూస్తారు. తిమింగలాలకు నేడు బతికున్నవాటిలో అతి దగ్గరి బంధువు నీటిగుర్రమని తేలింది. పుట్టగొడుగుల్ని ఒకప్పుడు మొక్కల్లో కలిపేసేవారు. నిజానికి అవి మొక్కలకంటే జంతువులకే దగ్గర. ఎవరు ఎవరికి ఏమవుతారన్న అభిప్రాయం ఆధారాలతో పాటు మారుతుంది. పేరు సంగతి అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పేరు

రెండు మాటలు చాలు: మొదటిది ప్రజాతి, రెండోది జాతికి గుర్తు. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ ఈ పద్ధతిని స్థిరపరిచాడు. మొక్కల పేర్లకు 1753 నాటి ఆయన పుస్తకాన్నీ, జంతువులకు 1758 నాటి పుస్తకాన్నీ మొదలుగా లెక్కిస్తారు. పేరును లాటిన్ వ్యాకరణానికి లోబడేలా మలుస్తారు. రంగు, ఆకారం, దొరికిన చోటు, ఎవరి గౌరవార్థమైనా పెట్టొచ్చు. డార్విన్ పేరు మోసే కప్ప ఉంది: రైనోడెర్మా డార్వినీ. సొంత పేరు పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

ముఖ్యమైన నియమం, ముందు పెట్టిన పేరుదే హక్కు. 1799లో ఇంగ్లండ్ జీవశాస్త్రజ్ఞుడు జార్జ్ షా బాతు ముక్కున్న ఓ వింత క్షీరదానికి ప్లాటిపస్ అనాటినస్ అని పేరు పెట్టాడు. తీరా చూస్తే ప్లాటిపస్ అనే ప్రజాతి పేరును అప్పటికే ఒక పెంకుపురుగుకు ఇచ్చేశారు. దాంతో 1800లో అదే జీవికి జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్లూమెన్‌బాఖ్ వాడిన ప్రజాతి పేరు ఆర్నిథోరింకస్ ముందుకొచ్చింది, షా పెట్టిన రెండో మాట నిలిచింది. చివరికి అది ఆర్నిథోరింకస్ అనాటినస్ అయింది. జనం నోట మాత్రం ఇప్పటికీ ప్లాటిపస్సే! జంతువులకూ మొక్కలకూ వేర్వేరు నియమావళులు కాబట్టి వాటి మధ్య ఈ గొడవ లేదు. మోరస్ అంటే ఒకచోట మల్బరీ చెట్టు, ఇంకోచోట సముద్రపక్షి.

నమూనా దాచి, ప్రచురించాలి

పేరును ఒక నమూనాకు ముడివేస్తారు. దాన్ని హోలోటైప్ అంటారు. రేపు సందేహమొస్తే వర్ణన చదివి వాదించుకోనక్కర్లేదు, ఆ నమూనానే తీసి చూస్తారు. వర్ణనతో పాటు ఏ జాతితో ఎక్కడ తేడా ఉందో రాసి ప్రచురిస్తేనే పేరు చెల్లుతుంది. స్నేహితులకు చెప్పుకుంటే లెక్కలోకి రాదు.

రాసేటప్పుడు

ఇంగ్లిష్ లిపిలో ప్రజాతి పేరు పెద్దక్షరంతో, రెండో మాట చిన్నక్షరంతో మొదలవుతుంది. రెండూ వాలు అక్షరాల్లో ఉంటాయి. జంతువులకైతే పక్కన పేరు పెట్టినవారు, సంవత్సరం రాస్తారు. అవి బ్రాకెట్లో ఉంటే ఒక కథ ఉందన్నమాట. ప్యూమా కాంకలర్ (లిన్నేయస్, 1771) చూడండి. లిన్నేయస్ దాన్ని పిల్లి ప్రజాతిలో వేసి ఫెలిస్ కాంకలర్ అన్నాడు. తర్వాతివాళ్లు ప్రజాతి మార్చారు. ఇంటిపేరు మారింది, ఒకే రంగు అనే అర్థమున్న కాంకలర్ అలాగే ఉండిపోయింది. బ్రాకెట్ ఆ మార్పుకు గుర్తు.

రెండోసారి నుంచి ప్రజాతిని ఒక్క అక్షరానికి కుదించవచ్చు. మొదటిసారి మాత్రం పూర్తిగా రాయాలి. ఇ. కోలి అనగానే అందరికీ ఎషెరిషియా కోలి అనే బ్యాక్టీరియా గుర్తొస్తుంది. కానీ అదే మనిషి పేగుల్లో ఎంటమీబా కోలి అనే అమీబా కూడా ఉంటుంది.