కార్పెట్ కడిగే ముందు ఇవి చూసుకోండి

వానలు మొదలయ్యేలోపు కార్పెట్ పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్ళు, బకెట్ ముట్టుకునే ముందు ఒక్క నిమిషం.

- ఉన్ని, సిల్క్ కార్పెట్ మీద బ్లీచ్ అస్సలు వద్దు. రంగు పోవడం ఒక్కటే కాదు, ఉన్ని పోగే కరిగిపోతుంది, ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ కలిపారా, విషవాయువు వస్తుంది, అప్పుడు కార్పెట్ సంగతి దేవుడెరుగు మన ఊపిరి సంగతి చూసుకోవాలి.

- ఏ లిక్విడ్ అయినా ముందు సోఫా కింద కనపడని చోట రెండు చుక్కలు వేసి, పది నిమిషాలాగి తెల్లగుడ్డతో అద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ సీసా పక్కన పెట్టేయండి.

- ఆరబెట్టే ఏర్పాటు లేకపోతే అసలు తడపొద్దు. 24 నుంచి 48 గంటల్లో పూర్తిగా ఆరకపోతే బూజు పట్టొచ్చు. పైన పొడిగానే ఉంటుంది, అడుగున చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది అసలు కథ. ఫ్యాన్ వేసి కిటికీలు తెరవండి, ముసురు పట్టిన రోజైతే వాయిదా వేసుకోండి.

- రక్తం, పాలు, గుడ్డు మరకలకి చల్లనీళ్ళే. వేడికి ప్రోటీన్ గట్టిపడి పోగుకి పట్టేస్తుంది.

- రుద్దకండి, అద్దండి, అంచు నుంచి మధ్యకి. రుద్దితే మరక ఇంకా లోపలికి దిగుతుంది.

- కుక్క, పిల్లి మూత్రానికి ఎంజైమ్ క్లీనర్ వాడండి. అమ్మోనియా వాసనున్నవి వాడితే, అది మూత్రం వాసనలాగే ఉండి, కుక్కా పిల్లీ మళ్ళీ అక్కడికే వస్తాయి.

- సబ్బు కొంచెమే. మిగిలిపోయిన జిగురుకి దుమ్ము అంటుకుని, కడిగిన చోటే వారానికి నల్లగా అవుతుంది.