పికప్‌కు కొత్త చక్రాలు – మూడో పాఠం: హబ్బు మీద కూర్చోబెట్టడం

పోయిన పాఠంలో పీసీడీ కొలిచాం, అంటే చక్రాన్ని మోసే హబ్బు మీద నట్లు ఎక్కే స్టడ్డులన్నీ కూర్చునే వృత్తం అడ్డకొలత. ఆరు స్టడ్డులున్న బండికి ఎదురెదురు స్టడ్డుల మధ్య నుంచి మధ్యకు టేపు పెడితే చాలు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్‌కు అది 139.7 మిల్లీమీటర్లు. ఐదు స్టడ్డులైతే ఒకటి వదిలి ఒకటి కొలిచి, వచ్చిన అంకెను 0.951తో భాగించాలని చెప్పుకున్నాం. ఆ కొలత కొత్త చక్రంతో కుదరకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపేయండి.

చక్రాలు ఇంటికొచ్చాక వెనక్కి తిప్పి చూడండి. ఈటీ అని, దాని పక్కన ఒక అంకె అచ్చుపడి ఉంటుంది. అదే ఆఫ్‌సెట్, అంటే చక్రం హబ్బుకు ఆనే ముఖం చక్రం వెడల్పుకు నట్టనడుమ నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె. పాత చక్రం 7 అంగుళాల వెడల్పు, ఈటీ 30 అనుకుందాం. కొత్తది 8 అంగుళాలు, ఈటీ 20. లెక్క కడితే లోపలి అంచు షాకబ్జార్బర్ వైపు 3 మిల్లీమీటర్లు కూడా జరగదు, బయటి అంచు మాత్రం దాదాపు 23 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. చూపుకు ఠీవిగానే ఉంటుంది. కానీ బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది, బేరింగు మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు నిండా తిప్పితే టైరు మడ్‌గార్డును రాయొచ్చు. కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మడ్‌గార్డు దాటి బయటికొచ్చే చక్రాన్ని నేనైతే వద్దనే అంటాను.

అక్కడే మ్యాక్స్ లోడ్ అంకె, అంటే ఒక్కో చక్రం మోయగల గరిష్ఠ బరువు కూడా ఉంటుంది. మీ బండి వెనక యాక్సిల్‌కు కంపెనీ రాసిన బరువులో సగం కన్నా అది తక్కువ ఉంటే చక్రాలు వాపసు ఇచ్చేయండి. కారుకు చేసిన అల్లాయ్ (తేలిక లోహపు) చక్రాన్ని టమోటా క్రేట్లు మోసే బండికి బిగించడమంటే ప్రాణాలతో చెలగాటం.

ఇక అసలు విషయం. బండి బరువును స్టడ్డులే మోస్తాయని చాలామంది అనుకుంటారు, కానీ అది నిజం కాదు. నట్లు బిగించినప్పుడు స్టడ్డులు రవ్వంత సాగి, చక్రాన్ని హబ్బు ముఖానికి అదిమి పట్టుకుంటాయి. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే పట్టే బరువును మోస్తుంది. మధ్యలో తుప్పు పొరో, పెయింటు పొరో ఉంటే నాలుగు కిలోమీటర్లు పోయేసరికి అది నలిగిపోతుంది, ఆ మేరకు నట్టు వదులవుతుంది.

ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను. తిరుపతిలో ఒక షాపులో కొత్త చక్రాలు వేయించుకున్న మూడో రోజే మదనపల్లె నుంచి టమోటా లోడుతో వస్తున్నాను. భాకరాపేట ఘాటు దిగుతుంటే వెనక ఎడమవైపు కటకటమని చప్పుడు. నట్లు లూజేమో అనుకుని, ఘాటు దిగాక పంక్చర్ షాపు దగ్గర ఆపాను. అక్కడి పెద్దాయన చక్రం విప్పి, హబ్బు ముఖం మీద వేలిగోటితో గీకాడు. తుప్పు ఎర్రటి తవుడులా రాలింది. "నట్టుది తప్పు గాదు నాయనా, నీ వీలు హబ్బు మింద కూర్చోనే లేదు" అన్నాడు. రిమ్ములో రెండు బెజ్జాలు అప్పటికే కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి ఉన్నాయి.

అందుకే తొందరపడకండి. బండిని గట్టి నేల మీద, చదునుగా నిలపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, జాకీ ఎత్తని వైపు చక్రాలకు రాళ్లు పెట్టండి. నట్లను నేల మీదే అరచుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. జాకీని ఒక్కదాన్నే నమ్మకండి, కింద స్టాండు ఉండాల్సిందే.

వైరు బ్రష్షుతో హబ్బు ముఖమంతా లోహం మెరిసేదాకా రుద్దండి. నడుమ చక్రం కూర్చునే గుండ్రటి అంచుకు మాత్రం వేలితో పలచగా గ్రీజు పూయండి. స్టడ్డులకు వద్దు; గ్రీజున్న స్టడ్డు అదే బిగింపుకు ఎక్కువ సాగిపోతుంది. కొత్త చక్రం నడిమి బెజ్జం పెద్దదైతే ఆ ఖాళీకి సరిపోయే హబ్ రింగు కొనండి.

నట్టు సీటు, అంటే బెజ్జంలో నట్టు ఆనే చోటు, సరిపోయిందో లేదో చూసుకునే చిట్కా ఒకటి ఉంది. నట్టు వాలు భాగానికి స్కెచ్ పెన్నుతో రంగు పూసి, చేత్తో బిగించి, విప్పండి. బెజ్జం వాలులో రంగు చుట్టూరా సమంగా అంటితే నట్టు సరైనదే. సన్నని గీత మాత్రమే పడితే అది బంతిలా గుండ్రటి సీటు, మీ చేతిలో ఉన్నది కోను నట్టు. పాత ఇనుప చక్రం నట్లు అల్లాయ్‌కు పనికిరాకపోవడానికి ఇదీ ఒక కారణం.

నట్లన్నీ ముందు వేళ్లతో తిప్పండి. ఆరు నట్లయితే గడియారం లెక్కన 12, 6, 2, 8, 4, 10 వరసలో కొంచెం కొంచెంగా బిగించండి. చక్రం నేలకు ఆనాక అదే వరసలో టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి), బండి మాన్యువల్‌లో రాసిన అంకె దాకా బిగించండి. గాలి గన్ను జోలికి వెళ్లకండి, అది ఎంత బిగించిందో ఎవరూ చెప్పలేరు.

చక్రం నడిమి భాగాన్ని మూసే హబ్ క్యాప్‌లలో రెండు రకాలు. ముందు నుంచి క్లిప్పులతో నొక్కేవి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. వెనక నుంచి తోసేవి మాత్రం చక్రం ఎక్కించకముందే పెట్టాలి, మరిచిపోతే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు హబ్బు చక్రం దాటి బయటికి పొడుచుకొచ్చిందేమో స్కేలు పెట్టి చూసి, దానికి తగ్గ ఎత్తు క్యాపే తీసుకోండి. సుత్తితో కొట్టి కూర్చోబెడితే క్లిప్పులు విరుగుతాయి. మెత్తటి గుడ్డ వేసి అరచేత్తో చరచండి. ఇనుప చక్రాలకు నిండు కవరు వేసేవాళ్లు గాలి వాల్వు దగ్గరి గాడి సరిచూసుకోండి.

నట్లను కప్పేసే క్యాపు ఇవాళే పెట్టకండి. తిరుపతి నుంచి కాళహస్తికి పోయి వచ్చేంత దూరం బండి నడపండి, ఆ తర్వాత నట్లన్నీ మళ్లీ టార్క్ రెంచితో సరిచూడండి. ఏ నట్టు ఎంత కదిలిందో పుస్తకంలో రాసుకుని, అప్పుడు క్యాపులు పెట్టండి. వచ్చే పాఠంలో బ్యాలెన్సింగ్ మొదలుపెట్టేటప్పుడు ఆ అంకెలు దగ్గర ఉంచుకోండి.