లైనక్స్‌లో వర్చువల్ మెషీన్ల నెట్‌వర్కింగ్, 4వ పాఠం: రిప్లై ఎటు పోయింది?

పోయిన పాఠంలో లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లని, అంటే వీఎంలని, నడిపే సాఫ్ట్‌వేర్) నెట్‌వర్క్‌లో ఫార్వర్డ్ మోడ్‌ని న్యాట్ (వీఎంలు నడిచే మెషీన్, అంటే హోస్ట్, తన అడ్రసు వేసి పంపడం) నుంచి రూట్‌కి (వీఎం అడ్రసు మార్చకుండా పంపడం) మార్చాం. అప్పట్నుంచి అందరిదీ ఒకటే గోల: వీఎంలు ఒకదాన్నొకటి పింగ్ చేసుకుంటున్నాయి, ల్యాప్‌టాప్‌తో మాత్రం మాట్లాడటం లేదు, ఇంటర్నెట్ కూడా పోయింది. పోవాల్సిందే మరి. ఈసారి చెబుదామనుకున్న ఫైర్‌వాల్ సంగతి వాయిదా.

హోస్ట్ 192.168.1.10, ల్యాప్‌టాప్ 192.168.1.25, ఇంటి రూటర్ 192.168.1.1. వీఎంలు 192.168.100.0/24లో ఒకటి, 192.168.101.0/24లో ఒకటి (/24 అంటే అడ్రసులో మొదటి మూడు భాగాలు నెట్‌వర్క్‌వి). హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ని ఇంకోదానికి పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో నేను మళ్ళీ అడగను. హోస్ట్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఉంటే ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ చైన్ పాలసీ డ్రాప్‌లో ఉందేమో, అంటే హోస్ట్ మీదుగా పోయే ప్యాకెట్లని పడేస్తోందేమో చూసుకోండి.

హోస్ట్ నెట్‌వర్క్ కార్డు మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టి, వీఎం నుంచి ల్యాప్‌టాప్‌ని పింగ్ చేయండి. రిక్వెస్ట్ శుభ్రంగా బయటికి పోతుంది. ల్యాప్‌టాప్ జవాబు కూడా ఇస్తుంది. కానీ 100 నెట్‌వర్క్ ఎక్కడుందో దానికి తెలియదు కాబట్టి జవాబుని 192.168.1.1 చేతిలో పెడుతుంది. రూటర్‌కీ తెలియదు. కథ అక్కడితో సరి.

ఇక్కడే చాలామంది హోస్ట్‌లో మాస్కరేడ్ రూల్ ఒకటి పడేసి "పనిచేసింది" అంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అది మళ్ళీ న్యాటే కదా! ఏ వీఎం నుంచి వచ్చినా ల్యాప్‌టాప్‌కి 192.168.1.10 అనే కనిపిస్తుంది. లాగ్ చూస్తే ఎవరు వచ్చారో తేలదు. పైగా ల్యాప్‌టాప్ నుంచి వీఎంలోకి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) అప్పుడూ అవదు, ఎందుకంటే దారి తెలియనిది ల్యాప్‌టాప్‌కి. హోస్ట్‌లో ఎన్ని రూల్స్ రాసినా ల్యాప్‌టాప్ రూటింగ్ టేబుల్‌లో ఒక్క లైను కూడా చేరదు. అక్కడే రాయండి: 192.168.100.0/24కి 192.168.1.10 ద్వారా పో. 101కీ అంతే.

రూటర్‌లో ఒక్కచోట స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసిన దారి) రాస్తే సరిపోదా? ఇంటర్నెట్ కోసం అది కావాల్సిందే, ఆ నెట్‌వర్కులకి కూడా రూటర్ న్యాట్ చేస్తేనే. కానీ ల్యాప్‌టాప్‌ని దాని మీదే వదిలేస్తే, పంపేవి రూటర్ మీదుగా పోతాయి, జవాబులు హోస్ట్ నుంచి నేరుగా వస్తాయి. సగం మాటలే విన్న రూటర్ ఫైర్‌వాల్ టీసీపీని ఆపేయొచ్చు. పింగ్ పోతూ, ఎస్ఎస్‌హెచ్ వేలాడుతుంటే అనుమానం ముందు దీని మీదే. నేనైతే ఏదీ ముట్టుకోకముందు ప్రతి మెషీన్‌లో ఐపీ రూట్ గెట్ (ఫలానా అడ్రసుకి ప్యాకెట్ ఏ దారిన పోతుందో చెప్పే కమాండ్) కొట్టి చూస్తాను.

అభ్యాసం: 101లోని వీఎంకి రెండో కార్డు తగిలించి, దాని వెనక 192.168.102.0/24లో మూడో వీఎం పెట్టండి. ఆ 102 నెట్‌వర్క్ బ్రిడ్జికి (వీఎంలని కలిపే వర్చువల్ స్విచ్) హోస్ట్‌లో ఐపీ ఇవ్వకండి. మాస్కరేడ్ నిషేధం. ల్యాప్‌టాప్‌లో లైనక్సే ఉంటే, మూడో వీఎం నుంచి దాన్ని పింగ్ చేసినప్పుడు జవాబులో టీటీఎల్ (దారిలో రూటర్‌గా పనిచేసే ఒక్కో మెషీన్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే లెక్క) 62 రావాలి, ల్యాప్‌టాప్ టీసీపీడంప్‌లో 102 అడ్రసే కనిపించాలి.