నీటి మీద రెండు శాఖలు కలిపి పీహెచ్‌డీ చేయాలనుకుంటే

నీటి మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ యూనివర్సిటీ మంచిదని, ఆ తర్వాత ఫెలోషిప్ సంగతి. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ ప్రశ్నకి జవాబు ఒక్క డిపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే దొరుకుతుందా? దొరికేటట్టయితే అక్కడే చేయండి. రెండు శాఖల మధ్య పనికి చదువు ఎక్కువ, సమయం ఎక్కువ, ఒప్పించాల్సిన మనుషులూ ఎక్కువే. ప్రశ్న మిమ్మల్ని రెండో శాఖలోకి నెడితేనే వెళ్లండి. దరఖాస్తులో బాగుంటుందని మాత్రం వెళ్లకండి.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. థీసిస్ భూగర్భ జలాల మీద. నీటిమట్టం ఎంత పడిపోతుందో లెక్కగట్టే మోడల్ నా దగ్గర ఉంది. కానీ దానికి ఇవ్వాల్సిన ముఖ్యమైన అంకె, అంటే ఎంత నీరు తోడుతున్నారన్నది, రైతు నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయమేమో నీటిమట్టాన్ని బట్టి, చేతిలో ఉన్న డబ్బుని బట్టి, పక్క పొలంలో బోరు ఎంత లోతు వేశారన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ ఒక్క అంకె కోసమే ఆర్థికశాస్త్రం నేర్చుకోవాల్సి వచ్చింది. మీరూ అలాంటి అంకెనే వెతకండి. రెండు శాఖలకీ అవసరమైనదీ, ఏ ఒక్కటీ సొంతంగా తేల్చలేనిదీ. అది దొరికితే థీసిస్ సగం నిలబడినట్టే.

ఎలినార్ ఆస్ట్రమ్ 1965లో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పూర్తి చేసిన థీసిస్ దీనికి మంచి ఉదాహరణ. ఆమెది రాజనీతిశాస్త్రం. తీసుకున్న విషయం మాత్రం లాస్ ఏంజలెస్ దగ్గర తీరప్రాంతంలోని వెస్ట్ బేసిన్ భూగర్భ జలాలు. అక్కడ విపరీతంగా తోడేయడంతో సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడుతోంది. తోడేవాళ్లే కలిసి దాన్ని ఎలా అదుపులోకి తెచ్చుకున్నారన్నది ఆమె ప్రశ్న. ఉప్పునీరు ఎందుకొస్తుందో తెలియకపోతే వాళ్లు ఒప్పందానికి ఎందుకొచ్చారో అర్థం కాదు. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద ఆమె చేసిన కృషికి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మీ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. అందులోంచి ఒక శాఖకి చెందిన మాటలన్నీ కొట్టేయండి. మిగిలింది ఇంకా పూర్తి ప్రశ్నలాగే ఉంటే, కొట్టేసిన శాఖ అలంకారానికే ఉన్నట్టు. మళ్లీ రాయండి.

గైడ్ల దగ్గరికి వద్దాం. ఇద్దరు కావాలి. వాళ్లిద్దరూ కలిసి ఒక పేపరైనా రాశారేమో ముందే చూడండి. రాయకపోతే, చేరేముందు ముగ్గురూ కూర్చుని మాట్లాడే అవకాశం అడగండి. ఒకరు చెప్పేది రెండోవారు వింటున్నారా, గడియారం చూసుకుంటున్నారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఒక పేజీ కాగితం మీద ఇవి రాసుకోండి: డిగ్రీ ఏ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, పేపర్లలో పేర్ల వరస ఎలా ఉంటుంది, ఫీల్డ్ ఖర్చు ఎవరి ప్రాజెక్టులోంచి వస్తుంది, అభిప్రాయభేదం వస్తే థీసిస్‌ని పర్యవేక్షించే కమిటీలో ఎవరి మాట వింటాం. మొహమాటపడకండి, చేరకముందు అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. నా గైడ్లు ఒకే డ్రాఫ్ట్‌కి ఎదురెదురు సలహాలు ఇచ్చేవారు. ఇద్దరి వ్యాఖ్యలూ ఒకే ఫైల్లో, ఒకరివి ఒకరికి కనపడేలా పెట్టించాక చాలా టెన్షన్ తగ్గింది. వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని తేల్చేవారు.

ఈ పద్ధతిని సంస్థ స్థాయిలోనే నడిపే చోట్లు కూడా ఉన్నాయి. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2009లో మొదలైన జలవనరుల డాక్టరేట్ కార్యక్రమంలో వేర్వేరు శాఖల విద్యార్థులు ఒకే పరిశోధన క్షేత్రంలో పనిచేస్తారు. పెట్జెన్‌కిర్హెన్ దగ్గరున్న 66 హెక్టార్ల చిన్న పరీవాహక ప్రాంతం అలాంటిదే. నెదర్లాండ్స్‌లోని ఐహెచ్‌ఈ డెల్ఫ్ట్ పూర్తిగా నీటి చదువుల కోసమే ఉన్న సంస్థ. అలాంటి చోటు దొరక్కపోయినా ఫరవాలేదు, మంచి కమిటీ ఆ లోటు చాలావరకు తీరుస్తుంది.

మొదటి ఏడాది రెండో శాఖ కోర్సుల్లో మామూలు విద్యార్థిలా కూర్చోండి. నిపుణులు కానక్కర్లేదు. ఆ శాఖ పేపర్లో పద్ధతుల భాగం చదివి లోపం పట్టగలిగితే చాలు. ఇంజనీరింగ్ నుంచి వచ్చేవాళ్లు సర్వే ప్రశ్నలు తయారుచేయడం, ఇంటర్వ్యూ చేయడం నేర్చుకోవాలి. సామాజిక శాస్త్రాల నుంచి వచ్చేవాళ్లు నేల పొరల్లో నీరు ఎలా కదులుతుందో చెప్పే డార్సీ సూత్రం, గణాంకాలు నేర్చుకుని, ఒక మోడల్ని స్వయంగా నడిపి చూడాలి. భూగర్భ జలాలకైతే మాడ్‌ఫ్లో అనే మోడల్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఏ శాఖవాళ్లయినా ఒక ప్రాంతానికి నీటి లెక్క చేత్తో వేసి చూడాలి: పడిన వాన ఎంత, పారిపోయింది ఎంత, ఆవిరైంది ఎంత, నేలలో చేరింది ఎంత.

అసలు కష్టం డేటా దగ్గర మొదలవుతుంది. వానమాపకం ఒక బిందువు దగ్గర కొలుస్తుంది. నదికి పరీవాహక ప్రాంతం హద్దు. భూమి లోపల నీటిపొర హద్దు వేరే. జనాభా లెక్కలేమో పాలనా విభాగాల వారీగా వస్తాయి. ఈ హద్దులేవీ ఒకదానితో ఒకటి సరిపోలవు. 2002 నుంచి 2017 దాకా పనిచేసిన గ్రేస్ ఉపగ్రహాలు, 2018లో వాటి స్థానంలో వెళ్లినవి, నీటి నిల్వల మార్పుని నెలవారీగా చూపిస్తాయి. కానీ సుమారు 300 కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతాన్ని విడిగా చూడలేవు. ఆ చిత్రం పట్టుకుని ఒక ఊరి బోర్ల గురించి మాట్లాడటం కుదరదు.

అందుకే డేటా దించుకోకముందే ఒక పట్టిక గీయండి. ఏ డేటా, ఎంత ప్రాంతానికి, రోజువారీయా ఏడాదికోసారా, ఏ సంవత్సరం నుంచి ఉంది, ఎవరి అనుమతి కావాలి. ఆ పట్టిక చూస్తూ మీ పరిశోధనకి ఎంత ప్రాంతాన్ని ఒక ముక్కగా చూడాలో ఎంచుకోండి. నిర్ణయం తీసుకునే మనిషి అందులో కనపడాలి, మోడల్ చెప్పింది నిజమో కాదో కూడా అందులో సరిచూడగలగాలి. నేను నీటిమట్టం కొలిచే పరిశీలన బావి చుట్టూ ఉన్న పొలాల్ని ఒక ముక్కగా తీసుకున్నాను. ఎకనామిక్స్ గైడ్‌కి అది మరీ చిన్నది, హైడ్రాలజీ (జలశాస్త్రం) గైడ్‌కి హద్దు సరిగా లేనిది. అయినా నీటిమట్టమూ మనిషీ రెండూ కనిపించేది అక్కడే. పెద్ద విభాగానికి వచ్చిన అంకెల్ని చిన్న గడుల్లోకి పంచేసి, వాటిలో కనిపించిన తేడాల్ని ఫలితంగా చూపకండి. అది మీ పంపకం తెచ్చిన తేడా.

కాలం సంగతి. పీహెచ్‌డీ మొత్తంలో మీకు దొరికే వానాకాలాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అందులో ఒకటి కరువు కావచ్చు. పాత రికార్డులున్న ప్రాంతాన్నే ఎంచుకోండి. మనుషుల్ని ప్రశ్నలడిగే పని ఉంటే నైతిక కమిటీ అనుమతి మొదటి ఇంటర్వ్యూకి ముందే చేతిలో ఉండాలి. ఆ దరఖాస్తు వెంటనే పెట్టండి, కాలయాపన అక్కడే ఎక్కువ. ఇంటర్వ్యూలు సాగు పనుల ఒత్తిడి లేనప్పుడు పెట్టుకోండి. తేలిన విషయాన్ని వెనక్కి వెళ్లి వాళ్లకి చెప్పండి. వాళ్ల బావి గురించి మనకి తెలిసింది వాళ్లకి తెలియకపోవడం అన్యాయం.

పేపర్ల విషయంలో నా సలహా: మొదటిది ఒకే శాఖలో, ఉన్న డేటాతో త్వరగా రాసేయండి. రెండోది రెండో శాఖ ప్రమాణాలకి నిలబడాలి. రెండూ కలిపే పేపర్ చివర్న రావాలి, ఎందుకంటే దాన్ని చదివే సమీక్షకులు తమకి తెలిసిన సగాన్నే గట్టిగా పరీక్షిస్తారు. మనుషులూ నీరూ ఒకదాన్నొకటి మార్చుకునే తీరుని చదివే సోషియో-హైడ్రాలజీని 2012లో ప్రతిపాదించారు, మీ పని అటువైపైతే ఆ చర్చ నుంచి మొదలుపెట్టండి. హైడ్రాలజీ అండ్ ఎర్త్ సిస్టమ్ సైన్సెస్ జర్నల్లో సమీక్షకుల వ్యాఖ్యలు, రచయితల జవాబులు ఎవరైనా చదవచ్చు. మీ అంశానికి దగ్గరైనవి వరసగా చదివితే, ఎక్కడ నిలదీస్తారో పేపర్ పంపకముందే తెలుస్తుంది.

థీసిస్ పరీక్షకుల పేర్లు యూనివర్సిటీ అడిగేసరికి ప్రతి శాఖ నుంచి ఒక్కొక్కరిని సిద్ధంగా ఉంచుకోండి. ఇద్దరూ ఒకే శాఖవాళ్లయితే రెండో సగాన్ని చూసేవారుండరు. ఉద్యోగాల ప్రకటనలు మాత్రం ఇప్పటికీ డిపార్ట్‌మెంట్ పేరుతోనే వస్తాయి. కాబట్టి డిగ్రీ పట్టా మీద ఏ శాఖ పేరు పడుతుందో చేరేరోజే కనుక్కుని, ఆ శాఖలో పాఠం చెప్పగలిగేంత పట్టు చివరిదాకా నిలుపుకోండి.